మీగడ రంగు కొట్టించిన కంప్యూటర్లు

కంప్యూటర్లకు లారీ పెయింటు కొట్టించిన ఆఫీసరు నందిగామలో నాకు ముందు లేడు, నా తర్వాతా రాలేదు. అక్కడి ఒక సహకార పరపతి సంఘానికి నేను అసిస్టెంటు సెక్రటరీగా బదిలీ అయిన ఏడాది సంగతి ఇది. కంప్యూటర్లలో తెల్లవి పోయి నల్లవి వస్తున్న రోజులు. కొనుగోళ్ళు నా చేతిలో ఉండేవి. జగ్గయ్యపేటలో మా కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. చెప్పిన ధరకే కొంటే నాకు ఆ పూట అన్నం అరగదు.

మా వైపు షాపులవాళ్ళు నలుపు వద్దనడంతో విజయవాడ డీలరు దగ్గర ఆరు నల్లపెట్టెలు అమ్ముడుపోకుండా ఉన్నాయి. లోపల సరుకు ఒకటే, ధర తక్కువ. బేరమాడి ఇంకాస్త తగ్గించి తెచ్చాను. మా ప్రెసిడెంటు వాటిని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. "శ్రావణ శుక్రవారం కొత్త కౌంటరు తెరుస్తూ నల్లపెట్టెలు పెడతావేంటయ్యా? రైతు డబ్బు కట్టే చోటు ఇది" అన్నారు. వెనక్కి తీసుకోవడానికి డీలరు ఒప్పుకోలేదు. తన రంగేమిటో కంప్యూటరుకు తెలియదు కదా అనుకుని, పెట్టెల్ని జగ్గయ్యపేటలో లారీలకు రంగులేసే మస్తాన్ షెడ్డుకు తీసుకెళ్ళాను.

లారీకి రంగు కొట్టేముందు అద్దాలకీ లైట్లకీ టేపు అంటిస్తారు. మస్తాన్ పెట్టెల్ని తిప్పి చూసి, "ముందు రెండు చిన్న లైట్లున్నాయి సార్. టేపేసి కొడతా. టేపుకీ కూలికీ కొంచెం చూడండి" అన్నాడు.

"ఇవేమన్నా రాత్రిపూట హైదరాబాదు రోడ్డెక్కే లైట్లా? అంతా ఒకటే రంగు రానీ" అన్నాను. అతను టేపు పక్కన పడేశాడు.

మీగడ రంగు బాగానే వచ్చింది. ప్రెసిడెంటు స్వయంగా కుంకుమ బొట్లు పెట్టారు.

ఆ రెండు లైట్లలో పచ్చది కరెంటుకి గుర్తు. ఎర్రది డిస్కు మీద లెక్కలు రాసుకుంటున్నంతసేపూ మిణుకుమంటుంది. కరెంటు పోయి బ్యాటరీ కూత పెట్టగానే లెక్క సేవ్ చేసి, ఎర్ర లైటు ఆగాకే స్విచ్చి ఆపాలన్నది ఆపరేటర్లకు నేర్పిన పద్ధతి. మా ఆపరేటరు రత్నకుమారిది చందర్లపాడు. కాంట్రాక్టు ఉద్యోగం. పర్మనెంటు చేయాలన్న ప్రతిపాదన బోర్డు ముందుంది. ఎర్ర లైటు కనపడటం లేదని మొదటి వారంలోనే నాకు చెప్పింది. పదిదాకా లెక్కపెట్టుకుని ఆపమన్నాను.

మార్చి నెలాఖరు. పంట రుణాలు గడువులోగా కొత్త ఏడాదికి తిరగరాస్తేనే రైతుకు వడ్డీ రాయితీ. ఆ సాయంత్రం కరెంటు పోయింది. ఆమె సేవ్ నొక్కి, పదిదాకా లెక్కపెట్టి ఆపింది. ఆ రోజు రాయాల్సింది ఎక్కువ. డిస్కుకి పది చాలలేదు. మర్నాడు ఆ ఫైలు తెరుచుకోలేదు. వోచర్లు చూసి మళ్ళీ ఎక్కించేలోగా గడువు దాటింది. కొందరు రైతులకు రాయితీ పోయింది.

విచారణలో బోర్డు అడిగింది ఒక్కటే: స్విచ్చి ఎవరు ఆపారు?

"నేనేనండి. సారు పది లెక్కపెట్టమన్నారు, లెక్కపెట్టానండి" అంది రత్నకుమారి. ఒకరిద్దరు మెంబర్లు నవ్వారు. నలుపు వద్దన్న ప్రెసిడెంటు ఫ్యాను వైపు చూస్తున్నారు. పది అన్నది ఉజ్జాయింపు మాట, సందర్భాన్ని బట్టి చూసుకోవాలి అని నేను చెప్పాను. పెయింటు ఊసు ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పర్మనెంటు మాట పోయింది, కాంట్రాక్టూ పొడిగించలేదు.

చివరి రోజు ఆమె తలపిన్ను తీసి, తన పెట్టె మీద లైటు ఉన్నచోట రంగు గీకింది. ఎర్ర చుక్క బయటపడింది. "వచ్చేవాళ్ళకి పనికొస్తుందండి" అని పిన్ను మళ్ళీ జడలో పెట్టుకుంది.

కంప్యూటరుకు రంగూ రూపూ ముఖ్యమా అని కొనబోయేవాళ్ళు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. యంత్రానికి అక్కర్లేదు, దాన్ని చూసి పనిచేసే మనిషికి కావాలి అంటాను. పైకి కనిపించేదంతా సోకు కోసమే పెట్టరు. ఏది సోకో ఏది పనికొచ్చేదో తేల్చుకున్నాకే బేరానికి దిగాలి.

ఇక బిల్లు. నల్లవి కొని మిగిల్చిన దాంట్లో సగం పెయింటుకు పోయింది. టేపు మీద మిగిలింది బస్టాండులో రెండు టీలకు వస్తుంది. పోయిన రాయితీ రైతులే కట్టుకున్నారు. మిగతాది రత్నకుమారి తన ఉద్యోగంతో కట్టింది. నా జీతంలో పైసా కోత పడలేదు.