విమానాశ్రయం పాఠం రోజు సరోజక్క

ఉడికిన వేరుశనక్కాయల వాసన ముక్కుకు తగిలిందంటే, ఖండాలు దాటిన ఒక మహాగాథ చెప్పాలనిపిస్తుంది నాకు. నిజానికి ఆ కథ ఉరవకొండలో ఒక నూనె మిల్లు మిద్దె దిగి ఎక్కడికీ పోలేదు. ఖండాలు దాటింది వీడియో కాల్ ఒక్కటే, అదీ సిగ్నల్ ఉన్నప్పుడు.

ఆ మిద్దె మీద సరోజక్క ఒక చిన్న సంస్థ నడిపింది. డిగ్రీ అయి ఖాళీగా తిరిగే మాలాంటివాళ్లకు జీతమిచ్చి, ఆఫ్రికాలో మలావీ దేశపు పల్లె ఆడవాళ్లకు ఫోన్‌లో ఇంగ్లీషు నేర్పించడం దాని పని. వాళ్లూ వేరుశనగ రైతులే. చేరిన రోజే అడిగాను, "అక్కా, మన ఇంగ్లీషే అంతంతమాత్రం గదా?" అని. "అందుకే గదప్పా, నిన్ను చూసి వాళ్లు భయపడరు," అంది కాయ ఒలుస్తూ. అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ తేలలేదు.

నెలలు గడిచినా అవతలివాళ్లు పేరు చెప్పడం దాటి నోరు విప్పలేదు. ఖర్చు భరించే విదేశీ ట్రస్టు పెద్దాయన ఒకరోజు పాఠం చూడటానికి కాల్‌లోకి వచ్చాడు. నచ్చకపోతే సాయం ఆ రోజుతో సరి. ఆయన పంపిన పాఠం పేరు ‘విమానాశ్రయంలో మాట్లాడటం’. సరోజక్క కెమెరా ముందు కూర్చుని, మా వైపు ఎవరు ఎదురైనా ముందు అడిగే మాటనే అలవాటు కొద్దీ ఇంగ్లీషులో అడిగేసింది: అక్కడ వాన పడిందా?

గ్రేస్ అనే ఆమె లేచి నిలబడింది. విత్తాక చుక్క పడలేదంది. పక్కామె అడ్డుపడి, మబ్బు వచ్చి మోసం చేసి పోయిందంది. ఇక అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. వ్యాకరణం ఎవరిదీ సరిగా లేదు, అర్థం మాత్రం అందరికీ అయింది. "అక్కా, పాఠం!" అని గొణిగాను. "ఉండప్పా! ఆడ మొలకలు ఎండిపోతాండాయంట. నీ విమానం యాడికీ పోదులే."

పెద్దాయన మర్యాదగా మెచ్చుకుని, పాఠం పాటించలేదని సాయం ఆపేశాడు. "అక్కా, మనం గెలిచినామా, ఓడినామా?" అన్నాను. మిగిలిన కాయలు నా దోసిట్లో పోసి, "వాళ్లు మాట్లాడినారు గదప్పా," అంది. మిద్దెకు తాళం వేసింది. సంస్థ అక్కడితో సరి.

ఇప్పుడు బెంగళూరులో ఫోన్‌లో ఫిర్యాదులు వినే ఉద్యోగం నాది. ముందు మీ వైపు వానలెలా ఉన్నాయని అడుగుతాను. అరుస్తున్నవాళ్లు కూడా ఆగి చెబుతారు. మేనేజరు మాత్రం ఆగడు. అక్క నాకు నేర్పింది ఇంగ్లీషో, వ్యాపారమో, మరింకేదో అర్థం కాదు. ఇంత రాశానని ఆమె పోయిందనుకునేరు, గుత్తిలో హాయిగా ఉంది. ఆమెనే అడుగుదామంటే, వాళ్లింట్లో సిగ్నల్ అందదు.