బాతు పడితేనే పేరు

మొన్న మా అపార్ట్‌మెంటు వెనకింట్లో కొత్తగా దిగినాయన ఒక పెద్దబాతుని తెచ్చుకున్నాడు. కుక్కకన్నా బాగా కాపలా కాస్తుందట. కాస్తుంది, నిజమే. పొద్దున పాలపాకెట్టు కోసం వెళ్లిన నన్ను, మెడ నేలబారుగా చాచి బుస్సుమంటూ వీధి మలుపు దాకా తరిమింది. ఈ వయసులో, ఈ మోకాళ్లతో, లుంగీ ఎగ్గట్టి అంత జోరుగా పరిగెత్తగలనని నాకే తెలీదు. మా ఆవిడ బాల్కనీలోంచి చూసి "పాలు ఒలికాయా?" అని మాత్రం అడిగింది. మెట్ల మీద కూలబడి ఆయాసం తీర్చుకుంటుంటే ఒమాన్‌లో మేము విల్లంబులతో కొట్టిన మరో పెద్దబాతు గుర్తొచ్చింది. దాని ముందు ఇది పిచ్చుక. అది ఎంత ఉండేదంటే... ఎప్పుడు చెప్పినా కాస్త పెరుగుతూనే ఉంది కాబట్టి, ప్రస్తుతానికి ఈనిన గేదె పక్కన నిలబడ్డ దూడంత అనుకోండి.

ఎనభైలు వెళ్లిపోయి తొంభైలు దిగిన రోజులు. మస్కట్ దగ్గర అల్ ఖౌద్‌లో మా కంపెనీ ఇళ్లు కడుతోంది. నేను స్టోర్ కీపర్ని. కోనసీమవాణ్ని కనక అడగనివాళ్లకి కూడా సలహాలివ్వడం పుట్టుకతోనే వచ్చు. రూమ్‌లో నాతో ఇద్దరు. ఒకడు కడప భాయ్, కంపెనీ పికప్ డ్రైవరు. తన బండి హారన్ తప్ప మిగతా అన్ని భాగాలూ మోగుతాయని తనే చెప్పుకునేవాడు. రెండోవాడు భద్రాచలం అవతల అడవిలోని కోయగూడెం నుంచి వచ్చిన షట్టరింగ్ కార్పెంటరు. వచ్చిన రోజే నన్ను "బావా" అన్నాడు, నేనూ "బావా" అన్నాను. ఎవరి చెల్లెల్ని ఎవరికిచ్చామో ఇప్పటిదాకా తేలలేదు.

బావ ఒమాన్‌కి వచ్చేనాటికి భార్యకి నెలలు నిండుతున్నాయి. ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. రూమ్‌లో సేమ్యా వండుకున్నాం. ఆ తర్వాత పిల్ల బోర్లా పడిందనీ, పాకిందనీ, నడుస్తోందనీ ఊరి నుంచి వచ్చినవాళ్లు చెబుతూనే ఉన్నారు గానీ, పేరేమిటంటే బావ తల దించుకునేవాడు. పేరు లేదు. వాళ్లింటి ఆనవాయితీ ప్రకారం, బిడ్డ పుడితే తండ్రి తన చేత్తో విల్లు చేసి పెద్ద నీటిపిట్టని కొట్టాలి. ఆ కూర తిన్నవాళ్లలో అందరికన్నా పెద్దవాడు పేరు పెట్టాలి. పిట్ట ఈక ఉయ్యాలకి కట్టాలి. అందాకా పిల్ల "పాప" మాత్రమే. అన్నదమ్ములు కొడితే కుదరదు, తండ్రి చెయ్యే పడాలి. రెండేళ్ల కాంట్రాక్టు ఉన్న తండ్రి చెయ్యేమో ఇక్కడ పలకలకి మేకులు కొడుతోంది.

ఆ చలికాలం పిల్లకి విడవకుండా జ్వరాలని తెలిసింది. ఆ రాత్రి బావ అన్నం ముట్టలేదు. "మా అవ్వ అన్నదట బావా. పేరు లేని పిల్ల ఇంకా మన లెక్కల వడలేదు, జరం వచ్చి పిల్లనియ్యుమంటే ఏం పేరు వెట్టి ఆపుకుంటం అని." నేను డాక్టర్లనీ మాత్రలనీ ఏదో మొదలుపెట్టాను. "మాత్రలు ఏస్తనే ఉన్నరు. పేరు కోసం పిట్టను నేను ఎయ్యాలె గద!" అన్నాడు.

భాయ్ దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు. "ఏందిబ్బా ఏడుపు? సముద్రం కాడ వాదీ వాగు మడుగులో పిట్టలు కుప్పలుకుప్పలుగా దిగినాయి. శుక్రవారం పోదాం పా. నీ బాణం, నా బండి."

"మరి నేను?" అన్నాను.

"నువ్వు కథ చెప్పనీకి పనికొస్తావులే సామీ."

విల్లు తయారీ ఒక మహాయజ్ఞం. ఖర్జూరపు మట్ట వంచితే ఫట్టున విరిగి భాయ్ ముక్కు మీద తగిలింది. చివరికి ఒక పెద్ద విల్లాలో పనిచేసే తోటమాలి దగ్గర పాత వెదురు నిచ్చెన దొరికింది. బావ ఆ నిచ్చెనని చీల్చి మూడు విల్లులు చేశాడు. నైలాన్ తాడిస్తానంటే నా వైపు జాలిగా చూసి, వెదురు బద్దనే పల్చగా చెక్కి నారి కట్టాడు. మా స్టోర్లో మిగిలిన ఇనప కడ్డీ ముక్కలు సైట్ గ్రైండర్ మీద బాణం ములుకులయ్యాయి. మాకెందుకయ్యా విల్లులంటే, "విల్లు వట్టనోడు ఏటల కూసోడు, కూరల కూసోడు" అన్నాడు. కూర మాటెత్తాక ఇంకేం మాట్లాడతాం? బావ సంగతి అటుంచితే, నా బాణాలు ముందుకి వెళ్లడానికి మొహమాటపడి కాళ్ల దగ్గరే పడేవి. భాయ్ బాణాలు మాత్రం ధైర్యంగా వెళ్లేవి, ఎటువైపో చెప్పలేం.

మొదటి శుక్రవారం తెల్లవారగానే మడుగుకి చేరాం. ఆ పిట్టల గుంపు చూస్తే పెళ్లివారి విడిదిలా ఉంది. గులాబీరంగు రాజహంసలు బారులు తీరి ఉన్నాయి. బావ వాటి కాళ్లు చూసి "పాపం, ఇవి నా కన్న బక్కగున్నయి" అని వదిలేశాడు. ఇంతలో నిలువెత్తు కొంగ ఒకటి, పంచె కట్టిన కరణంలా, మా ముందే వచ్చి నిలబడింది. బావ విల్లు ఎక్కుపెట్టాడు.

"ఆగు!" అన్నాడు భాయ్. "బిస్మిల్లా అనకుండా వదిల్తే నాకు హరామ్ అయితాది. నేను తినకుంటే, నా ముందర మీరు తింటారా?"

"జర ఆగు భాయ్, ముందుగాల పిట్టకు చెప్పాలె. చెప్పకుండ కొడితే దొంగతనమైతది" అని బావ గొణగడం మొదలుపెట్టాడు. పిట్టా, నేను ఫలానా గూడెంవాణ్ని, ఫలానా తాత మనవణ్ని, నాకొక పిల్ల, దానికి జ్వరం... భాయ్ బిస్మిల్లా అనేసి ఎదురు చూస్తున్నాడు. వంశావళి నాలుగో తరానికి వచ్చేసరికి, కొంగ అంతా విన్నట్టే తలాడించి, సముద్రం వైపు లేచిపోయింది. ఇద్దరూ ఒకరి దేవుణ్ని ఒకరు ఏమీ అనలేక, నన్ను తిట్టారు.

మరుసటి వారం బావ పిట్టకి చెప్పాల్సిందంతా బండిలోనే చెప్పేసుకున్నాడు. ఈసారి వాదీ పైకి, తోటలున్న వైపు వెళ్లాం. రెల్లు పొదల వెనక చిన్న నీటిగుంట. అందులో ఇందాక చెప్పిన దూడ. బూడిదరంగు, మూరెడు మెడ, పెత్తందారు చూపు. భాయ్ బిస్మిల్లా అన్నాడు. బాణం రెక్క మొదట్లో దిగింది. పిట్ట పడలేదు సరికదా, బాణంతో సహా మా మీదికి వచ్చింది. నేను చెప్పుల్లేకుండా తుమ్మచెట్టు ఎక్కాను. ముళ్ల సంగతి దిగేటప్పుడు తెలిసింది. భాయ్ బండి చుట్టూ పరిగెడుతూ "సచ్చినాం పో! నువ్వు కొట్టినావు, నన్ను తరుముతాంది!" అని అరుస్తున్నాడు. చివరికి బావే దాన్ని ఒళ్లోకి పొదివి పట్టుకున్నాడు, భాయ్ తన పద్ధతిలో కత్తితో కోశాడు. బావ దాని మెడ నిమురుతూ చాలాసేపు కూర్చున్నాడు.

అప్పుడు కర్ర పట్టుకుని ఒక ముసలి ఒమానీ వచ్చాడు. తోట ఆయనది, నీటిగుంట ఆయనది. బాతూ ఆయనదే.

"క్యా కియా తుమ్ లోగ్?" అన్నాడు. భాయ్ తన ఉర్దూలో అరబ్బీ కలిపి, పిల్ల, జ్వరం, పేరు, అన్నీ చెప్పాడు. ముసలాయన కర్ర దించాడు. వాళ్లలోనూ ఏడో రోజున మేకని కోసి పేరు పెడతారు. అయితే ఇంత ఆలస్యమా అని ఆయన మమ్మల్ని కోప్పడ్డాడు. అడవి పిట్టల్ని కొడితే షుర్తా, అంటే పోలీసులు, పట్టుకుపోయేవారనీ, ఇది తన బాతు కావడం మా అదృష్టమనీ అన్నాడు.

బావ ముఖం మాత్రం పాలిపోయింది. బాతుని నెమ్మదిగా ముసలాయన కాళ్ల దగ్గర పెట్టేశాడు. "పెంచిన పిట్ట ఏటల లెక్కరాదు బావా. ఇది పేరు కాదు."

"ఊళ్లో ఎవరికి తెలుస్తుంది బావా?" అన్నాను.

"పిల్లకు తగిలే పేరు గద. నాకు తెల్సు."

భాయ్ ఆ మాట ముసలాయనకి చెప్పాడు. అడవి పిట్టని కొట్టనివ్వదు ప్రభుత్వం, ఇంటి పిట్టని ఒప్పుకోదు ఆనవాయితీ. ఆయన బాతుని చూశాడు, బావని చూశాడు. ఆ తర్వాత సాక్ష్యం చెప్పేవాడిలా కుడిచెయ్యి పైకెత్తాడు. దీన్ని ఎవరూ పెంచలేదు, అన్నాడు. ఎక్కణ్నుంచో వచ్చి తన గుంటలో దిగింది. తన కొడుకుల్ని కరిచింది, మేకల్ని కరిచింది, మేకలకి జ్వరం వస్తే మందు వెయ్యడానికి వచ్చిన డాక్టర్ని కరిచింది. "మై ఇస్‌కా మాలిక్ నహీ. యే మేరా మాలిక్ థా." దీనికి నేను యజమానిని కాను, ఇదే నాకు యజమాని, అంటూ లుంగీ పక్కకి జరిపి పిక్క మీద మచ్చ చూపించాడు.

బావ వంగి ఆ మచ్చని వేలితో తడిమి చూశాడు. పాత మచ్చ, లోతైన మచ్చ. "అడవిదే" అన్నాడు. ఆ మాటతో అతని కళ్ల వెంట నీళ్లు జారాయి.

ఆయన తోటలోనే వండాం. మాంసం ఉడకడానికి ఎంతసేపు పట్టిందంటే, మధ్యలో భాయ్ జుమ్మా నమాజుకి వెళ్లి వచ్చి, ఒక నిద్ర తీసి లేచినా, అది మా మీద కోపంగానే ఉంది. అందరిలో పెద్దవాణ్ని నేనేనని నేను రహస్యంగా ఒక పేరు అనుకుని వెళ్లాను. భాయ్ దగ్గరా ఒకటుంది. కానీ ముసలాయన ముక్క నోట్లో పెట్టుకోగానే ఆ హక్కు ఆయనదైపోయింది. బావ చేతులు జోడించి అడిగాడు. ఆయన ఆ ముక్కని ఎలాగో నమిలి మింగాడు.

"షమ్సా" అన్నాడు. అది వాళ్లమ్మ పేరట. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇంట్లో ఎవరూ మిగల్లేదట.

ఊరికి వెళ్లే మనిషి చేత ఈక పంపాం. ఈక ముందు తగ్గించిందో, మాత్రలు ముందు తగ్గించాయో నేను చెప్పను గానీ, ఎండలు ముదిరేసరికి పిల్ల తేరుకుందని కబురొచ్చింది. గూడెంలో నోరు తిరక్క సంసమ్మ అంటున్నారట. ఆ తర్వాత భాయ్ బురైమి వైపు వెళ్లిపోయాడు, బావ అడవికి వెళ్లిపోయాడు, నేను వచ్చేశాను. ముసలాయన ఇప్పుడు ఉండే వయసు కాదు. అయినా ఎప్పుడో ఇసుకలో కలిసిపోయిన ఆయన తల్లిని, సముద్రానికి ఇవతల గోదావరి అడవిలో, పొద్దు వాలే వేళకి ఎవరో ఒకరు అన్నానికి రమ్మని కేకేస్తూనే ఉంటారు. కాలం మనుషుల్ని పట్టుకుపోయేటప్పుడు వాళ్ల పేర్లని ఎక్కడ దింపి పోతుందో, అది మనకి చెప్పి చెయ్యదు.