చివరి ఇంటి నుంచి మొదలు

కొళాయి దగ్గర ఉన్నవాళ్ళు: నేను, ఫిట్టరు, ఆ ఇంటి ముసలాయన, ఆయన మనవరాలు. ఉన్న వస్తువులు: ఒక స్టీలు బిందె, ఒక బకెట్టు, ఒత్తిడి చూసే గేజి. నందిగాం దగ్గర ఒక ఊళ్ళో కొత్త మంచినీళ్ళ లైనుకు అది చివరి ఇల్లు. కాసేపు గాలి బుసకొట్టింది. తర్వాత నీళ్ళు దూకాయి, క్లోరిన్ వాసన ముక్కుకు తగిలింది. పిల్ల దోసిలి పట్టి కావలసినంత తాగింది. ఆ వాసన తగిలితే నాకు సువార్తమ్మ అత్త గుర్తొస్తుంది.

మాది ఉద్దానంలో జీడితోటల మధ్య ఊరు. సువార్తమ్మ అత్త మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేది. కాశీబుగ్గలో జీడిపప్పు ఒలిచే పనికి వెళ్ళేది. బంధుత్వం లేకపోయినా నన్ను అల్లుడనే పిలిచేది. మా ఊళ్ళో ప్రతి వీధిలోనూ కిడ్నీలు చెడినవాళ్ళు ఉన్నారు. ఎందుకని ఎవరూ గట్టిగా చెప్పలేకపోవడంతో అందరి భయమూ బోరు నీళ్ళ మీదికే పోయింది. తాగడానికి ట్యాంకరే దిక్కు. అది ఊరి మొదట్లో రైతుల వీధిలో ఆగేది. అక్కడివాళ్ళు బిందెలూ డ్రమ్ములూ నింపుకున్నాక చివరనున్న మా చర్చి వీధికి అడుగునీళ్ళు మిగిలేవి.

ఒక ఆదివారం ఆరాధన మధ్యలో ట్యాంకరు హారన్ వినబడింది. పాస్టరు గారు చూస్తుండగానే అత్త లేచి వెళ్ళిపోయింది. మేము వెళ్ళేసరికి గొట్టం ఆమె చేతిలో ఉంది. గుమ్మానికి ఒక్క బిందె అని వరస పెట్టింది. ఊరంతా అయ్యాకే రెండోది. ఈసారి చివరి ఇంటి నుంచి మొదలైతే వచ్చేసారి మొదటి ఇంటి నుంచి. కొన్నాళ్ళు తిట్లు పడ్డాయి, కలెక్టరమ్మ వచ్చిందని వెక్కిరింపులూ పడ్డాయి. ఆమె తన వంతు బిందెను ఎప్పుడూ ముందుకు జరుపుకోకపోవడం చూసి, మెల్లగా అందరూ దారికొచ్చారు.

డయాలసిస్ మీద ఉన్న మనిషి ఇంటికి మాత్రం ఒక బిందె ఎక్కువ పోసేది. దానికి అడ్డు చెప్పింది ఆ జబ్బుమనిషే, రైతుల వీధి కామేశు.

“సువార్తక్కా, డాక్టరు నాకు నీళ్ళు గ్లాసులెక్కన రాసాడు. నువ్వేటి బిందెలు పోత్తన్నావు?”

“తాగడానికని ఎవలు సెప్పారు? నోరెండితే పుక్కిలించవా? ఒంటి మీద పోసుకోవా? బిందె పట్టు.”

కామేశు నవ్వుతూనే పట్టాడు.

నేను టెక్కలిలో సివిల్ డిప్లొమా చేసి పైపులైన్ల పనిలో చేరాను. ఈలోగా అత్త కాళ్ళకు వాపులొచ్చాయి. తర్వాత వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. అక్కడి నుంచి వచ్చి కూడా, అరుగు మీద కూర్చుని గొట్టం పట్టుకున్నవాళ్ళకు వరస చెప్పేది. మా ఊరి లైనుకు కాలువ తవ్వారు, ఆపారు, వాన పడి పూడితే మళ్ళీ తవ్వారు. ఆ ఆలస్యంలో నా చేతిలో ఉన్నదేమీ లేదు. అయినా ఆ పూడిన కాలువను తలుచుకుంటే ఇప్పటికీ మనసు ఒప్పుకోదు.

నీళ్ళు వచ్చిన రోజు ఆమె ఇంట్లో కొళాయి తిప్పింది నేనే. గ్లాసు నింపి ఇచ్చాను. ఆమె దాన్ని వెలుతురులోకి ఎత్తి చూసింది.

“ఎంతుంటాది ఇది?”

“రెండొందల మిల్లీలీటర్లు అత్తా.”

కోడలి వైపు తిరిగి పొద్దుటి నుంచి ఎంత తాగిందో అడిగింది. రాత్రి మాత్రలకు పోను మిగిలేది ఒక్క గుక్కే అంది కోడలు. అత్త ఆ ఒక్క గుక్కా తాగి, కాసేపు నోట్లోనే ఉంచుకుని మింగింది. గ్లాసు నా చేతికిచ్చింది.

“బాగున్నాయి అల్లుడా. నన్నేటి సూత్తావు? ఆ సివర మరియమ్మింటికి ఎక్కాయో నేదో సూడు ముందు.”

ఎక్కాయని చెప్పడానికి తిరిగొచ్చేసరికి ఆమె కళ్ళు మూసుకుని ఉంది. చెబితే “ఊఁ” అంది. ఆ ఎండాకాలం ఆమె దాటలేదు.

ఇప్పుడు ఏ ఊళ్ళో లైను వేసినా పరీక్ష చివరి ఇంటి నుంచే మొదలుపెడతాను. అందుకు సాంకేతిక కారణాలు చెప్పగలను, అడిగినవాళ్ళకు అవే చెబుతాను. ఇక్కడ బిందె నిండగానే ఫిట్టరు లెక్క చెప్పాడు, నేను ఫోనులో ఎక్కించుకున్నాను. ఈ కొళాయికి నిమిషానికి ఎనిమిది లీటర్లు వస్తున్నాయి. అత్తకు డాక్టరు రాసింది రోజుకు ముప్పావు లీటరు.