నేను రంగేసిన జపాన్ డ్రమ్ములు

ఆర్కెస్ట్రాల్లో వాయించే పాత జపాన్ డ్రమ్ముల ఫొటో పంపితే, ఏ కార్ఖానాలో తయారయ్యాయో నేను చెప్పగలను. డ్రమ్ముకుండే బ్యాడ్జీ బిళ్ళ మీద పేరు చూసి కాదు. ఆ రోజుల్లో ఒకే కార్ఖానా పదిమంది దిగుమతిదారులకు పది పేర్లతో బ్యాడ్జీలు కొట్టి ఇచ్చేది. డ్రమ్ము పక్కన మరలు దిగే లోహపు బుడిపెలుంటాయి, లగ్గులంటారు, వాటి ఆకారం చూడాలి. లోపలి చెక్క చూడాలి. ముఖ్యంగా పైన చుట్టిన మెరుపు ప్లాస్టిక్ షీటు చూడాలి. కొందరు దాని అంచుల్ని ఒకదాని మీద ఒకటి అంటించేసేవారు, కొందరు చెక్కలో సన్నటి గాడి తీసి అందులోకి దూర్చేవారు. హైదరాబాద్ నుంచీ కొచ్చి నుంచీ ఎవరెవరో వాట్సాప్‌లో ఫొటోలు పంపి "సార్" అంటారు. డైరీ ఫార్మ్ అనే పేటలో రెండు గదుల ఇంట్లో కూర్చుని నేను తీర్పులు చెబుతుంటాను.

మా ఇంట్లో సెట్టు ఎక్కడిదో మాత్రం చెప్పలేను. దాన్ని పాడుచేసింది నేనే.

అది నాన్నది. పెళ్ళికి ముందు మద్రాసులో సెకండ్ హ్యాండ్‌లో కొని, ఓడలో పక్కన పెట్టుకుని ఈ దీవులకు తెచ్చుకున్నాడట. పగలు ఆఫీసులో గుమాస్తా, సాయంత్రాలు మా తెలుగు సంఘం ఆర్కెస్ట్రాలో డ్రమ్మర్. సెట్టు నీలం రంగులో, చేప పొలుసులా తళుక్కుమనేది. అది జపాన్‌దని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. ఆర్కెస్ట్రావాళ్ళు కలకత్తా సరుకని ఏడిపించేవారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేవాణ్ణి.

ఈ దీవుల్లో ఉప్పుగాలికి ఇనుము నిలవదు. అందుకే వానలు మొదలయ్యేలోపు ప్రతి ఇంట్లోనూ గేటు, కిటికీ ఊచలు, మంచం కోళ్ళు సైతం గీకి, తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన ఓడ పెయింట్ వేస్తారు. మిగిలిపోయిన బూడిదరంగు డబ్బా ఎవరో ఒకరు తెచ్చిపెడతారు. ఒక వస్తువును బాగా చూసుకోవడమంటే ఇక్కడ పుట్టినవాడికి తెలిసింది అదొక్కటే.

నా ఇరవై రెండో ఏట నాన్న పది రోజులు డ్యూటీ మీద డిగ్లీపూర్ వెళ్ళాడు. గేటుకు వేశాక డబ్బాలో సగం మిగిలింది. డ్రమ్ముల మీద షీటు ఉబ్బి పగిలింది, లగ్గులు తుప్పు పట్టాయి. నాన్న వచ్చేసరికి కొత్తవాటిలా చేద్దామనుకున్నాను. షీటు పీకేశాను. బ్యాడ్జీ అడ్డొస్తే స్క్రూడ్రైవర్‌తో లేపి చెత్తలో పారేశాను. వర్క్‌షాపులో పనిచేసే స్నేహితుడితో స్టీలు లగ్గులు చేయించాను. చెద పట్టకుండా లోపల కూడా రెండు కోట్లు వేశాను. అంత నీటుగా ఏ పనీ మళ్ళీ చెయ్యలేదు.

నాన్న వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి చూసి, బాగుందన్నాడు. నేను అది మెప్పే అనుకున్నాను, అంత మొద్దుని.

చాలా ఏళ్ళ తర్వాత వండూర్‌లో ఒక రిసార్టులో నేనూ డ్రమ్ములు వాయిస్తుంటే, ఒక టూరిస్టు తన ఫోన్లో పాత జపాన్ సెట్ల ఫొటోలు చూపించాడు. అందులో ఆ నీలం కనబడింది. ఆ రాత్రి నుంచే ఈ చదువు మొదలుపెట్టాను. చదివిన కొద్దీ తేలిందేమిటంటే, ఆ నీలం షీటును చాలామంది వాడారు, జపాన్ బయట కూడా. రంగు ఒక్కటే గుర్తుంటే చాలదు.

పోయిన సంవత్సరం సంఘంవాళ్ళు పాత వస్తువుల ప్రదర్శన పెట్టారు. డ్రమ్ముల ముందు పెట్టే కార్డు మీద ఏం రాయాలో అడగడానికి సెక్రటరీ ఇంటికొచ్చాడు. జపాన్ సెట్టని రాయమన్నాడు నాన్న. సెక్రటరీ నా వైపు చూశాడు. తల ఊపితే సరిపోయేది. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. బ్యాడ్జీ లేదు, లగ్గులు లేవు, షీటు లేదు, ఆధారం లేకుండా చెప్పకూడదన్నాను.

"ఆ బిళ్ళని పాతికేళ్ళు తుడిసేన్రా," అన్నాడు నాన్న. "జపానని రాసుండీది. నాను సూసింది సాల్దా?"

మనిషి జ్ఞాపకం సాక్ష్యం కాదన్నాను, వాట్సాప్‌లో ఎవరికో చెప్పినట్టు. అసలు సంగతి వేరు. అది జపాన్‌దని ఒప్పుకుంటే, నేనేం చేశానో కూడా ఒప్పుకోవాలి. ఆ ధైర్యం లేక నా తెలివిని అడ్డం పెట్టుకున్నాను.

"ఛోడో భయ్యా, వదిలెయ్, పాత డ్రమ్స్ అని రాసేద్దాం," అన్నాడు సెక్రటరీ.

ప్రదర్శన రోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ కార్డు పక్కనే కుర్చీలో కూర్చున్నాడు. ఒకావిడ వచ్చి ఇవి ఎక్కడివి అంకుల్ అని అడిగింది. నాన్న నా వైపు చెయ్యి చూపించాడు.

"మావోడిని అడగండమ్మా. ఆడు సెప్తేనే కరెక్టు."

వెటకారమేమైనా ఉందా అని ఆయన మొహంలోకి చూశాను. లేదు. నిజంగానే నన్ను నమ్మేశాడు. ఆవిడ నా జవాబు కోసం ఎదురుచూస్తోంది.

"తెలియదండీ," అన్నాను.