రేసులోంచి నన్ను తప్పించిన రోజు

ఆ రేసు నాది. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త నెమ్మది. స్కాట్లాండ్ కొండల్లో, నడిచలికాలంలో, పొద్దున మొదలుపెట్టి చీకటి పడేదాకా స్కీల మీద సాగే పందెం. అందులో దిగాలని తోచింది నాకు. షెఫీల్డ్‌లో చాలినంత మంచు పడక, చక్రాల స్కీలు కట్టుకుని పార్కులో పడుతూ లేస్తూ నేర్చుకున్నది నేను. హాస్పిటల్‌లో నా డ్యూటీల రోటా చూసుకుని, డ్యూటీ దిగి నేరుగా అక్కడికే పోయేదాన్ని. లండన్‌లో స్టాన్‌మోర్‌ వైపు ఉండే మా ఆడపడుచు, "వదినా, గీ వయసుల నీకేం పిచ్చి?" అని ఫోన్లో నవ్వేది.

ఒంటరిగా ఎవరినీ కొండ ఎక్కనివ్వరు, జంటగానే పోవాలి. అందుకే మా ఆయనను బతిమాలాను. మొదట విసుక్కున్నాడు. తర్వాత నాకంటే బాగా నేర్చుకున్నాడు. నాకు మురిపెమే అయింది.

రేసు రోజు ఎదురుగాలి. నేను మెల్లగా పోతున్న మాట నిజం. మెల్లగా పోవడం వేరు, చేతకాకపోవడం వేరు. అతను ముందుకు పోయి, ఆగి, వెనక్కి చూసేవాడు. మధ్యాహ్నం దాటాక చివరి చెక్‌పాయింట్ చేరాం. రేకుల షెడ్డు, వేడి సూపు, నంబర్లు రాసుకునే ఒక పెద్దావిడ. ఇంకొక్క కొండ దాటితే అయిపోయినట్టే. తడిసిన జాకెట్‌తోనే బెంచీ మీద కూర్చుని పల్లిపట్టి కొరుక్కుంటున్నాను. అతను ఆవిడతో ఏదో మాట్లాడుతున్నాడు. ఆవిడ నావైపు చూసింది. పలకరింపనుకుని నవ్వి తలూపాను.

అతను వచ్చి, "చేతులు లేపు," అన్నాడు.

జాకెట్ మార్చడానికి సాయం చేస్తున్నాడనుకున్నాను. పసిపిల్లలా చేతులెత్తాను. జాకెట్ పైన తొడుక్కున్న నంబరు గుడ్డను తలమీదుగా తీశాడు. ఎంత ప్రేమ అనుకున్నాను, నా మొహం.

ఆ గుడ్డను పెద్దావిడ చేతిలో పెట్టాడు. నంబరు అప్పజెప్తే రేసు వదిలేసినట్టే. తలుపు దగ్గర ఒక తెల్లాయన తయారుగా నిలబడి ఉన్నాడు. అతనికి తోడొచ్చిన స్నేహితుడు మోకాలు పట్టేసి ఆగిపోయాడట. అలా మిగిలిపోయిన ఇద్దరు జతకట్టి పోవచ్చు. నేను సూపు తాగేలోపే అంతా మాట్లాడుకున్నాడు.

"నువ్ మస్తు అలిసిపోయినవ్. వ్యాన్‌ల దింపుతరు. నీ మంచికే," అన్నాడు.

"నన్ను అడగాలె కదా?"

"అడిగితే ఒప్పుకుంటవా?" అంటూ బయటికి నడిచాడు.

నేను పెద్దావిడ దగ్గరికి పోయి, ఆపేస్తానని నేననలేదన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. నువ్వే తలూపావు కదా అంది. ఇప్పుడు నీ పక్కన ఎవరూ లేరు, ఒంటరిగా ఎట్లా పంపను అంది. అప్పటికే వాళ్ళిద్దరూ కొండ మొదట్లో చుక్కల్లా కనిపిస్తున్నారు. నమ్మించి గొంతు కోశాడు. ఒళ్ళంతా మంటెత్తిపోయింది, అంత చలిలోనూ.

ఫినిష్ దగ్గర మెడలో మెడల్‌తో వచ్చి నన్ను వాటేసుకున్నాడు. ఎవరో ఫోటో తీశారు. నేను కొయ్యలా నిలబడ్డాను.

తర్వాతి ఆదివారం ఆడపడుచు ఇంట్లో భోజనాలు. మెడల్ చేతులు మారుతోంది. "పాపం, ఈమెకు చేతగాలే. ఇద్దరి తరఫున నేనే కొట్టిన," అంటున్నాడు. అంకుల్స్ అందరూ భుజం తడుతున్నారు. నేను పెరుగు వడ్డిస్తున్నాను.

ఇక్కడే పుట్టిన మా పదమూడేళ్ళ అమ్మాయి తలెత్తి, "మమ్, డిడ్ యూ వాంట్ టు స్టాప్?" అనడిగింది.

"షీ వాజ్ ఎగ్జాస్టెడ్, బేటా," అన్నాడు అతను.

"ఐ ఆస్క్‌డ్ మమ్."

పెరుగు గిన్నె బల్ల మీద పెట్టాను. "లేదు బిడ్డా. ఆ కొండ గూడ ఎక్కేదాన్ని. మీ నాయన నన్ను ఆడ దింపేసి, ఇంకొకల్లను ఎంటేసుకొని పోయిండు."

అప్పుడైనా నా మొహంలోకి చూస్తాడేమోనని ఆగాను. అతను అంకుల్స్ వైపు చూసి, "చెప్పిన గదా, ఇంకా అలసట తీరలే," అన్నాడు.