బొంత మీది నాలుగు పద్మాలు

హైదరాబాదు ఇంకా వేరే రాష్ట్రంగా ఉన్న రోజుల్లో సంగారెడ్డి బస్సెక్కాను. పక్కన ఒక ముసలమ్మ, ఒళ్లో చేత్తో కుట్టిన పాత బొంత. అడిగితే విప్పి చూపించింది. నాలుగు మూలలా అచ్చం ఒకేలాంటి ఎర్ర పువ్వులు. బెజవాడ డ్రాయింగు మాస్టారిని కదా, అందరూ వినేలా తేల్చేశాను: "ఇది కాకతీయుల నాటి పద్మం!"

ముసలమ్మ నా వంక జాలిగా చూసింది. "పద్మం ఏంది సారూ? బొంతను నాలుగు మడతలు వెట్టి సందుగ పెట్టెల దాసిన. ఎలుక ఒక్క కాడ్నే కొరికింది. ఇప్పి సూస్తే నాలుగు బొక్కలు. ఎర్రగుడ్డతోని అతుకులేసిన, గంతే."

బస్సంతా నవ్వింది.

ఆ పద్మం మీద నేను రాసిన వ్యాసం తరువాత అచ్చయింది, మెప్పూ వచ్చింది. అందులో ఎలుక ప్రస్తావన లేదు.