దేవసేనక్క తోమిన సైకిలు

మా వీధి దేవసేనక్కకు భయం వేయడానికి పెద్ద కారణం అక్కర్లేదు. కుక్కర్ కూతకు వచ్చే ముందే వంటింట్లోంచి బయటపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాకిట్లో నిలబడుతుంది. తిరుత్తణి స్టేషన్లో రైలు ఆగేదాకా గోడకు అతుక్కునే ఉంటుంది. అలా ఉండి రైలు ఎలా ఎక్కుతుందో నాకు తెలియదు కానీ, ఎక్కుతుంది.

ఇన్ని భయాల మీద ఈ సంవత్సరం ఇంకొకటి వచ్చి చేరింది. కోడలు సుగంధి.

చెడ్డ పిల్లేం కాదు. తిరువళ్ళూరులో ఉద్యోగం. మాట నెమ్మది. ఆ నెమ్మదే అక్కకు గుబులు. అరిచే మనిషైతే కోపం ఎప్పుడొచ్చిందో తెలుస్తుంది, ఈ పిల్లకు వస్తే ఎలా తెలుసుకోవడం? ఏదో ఒక రోజు చప్పుడు చేయకుండా ఆనంద్‌రాజ్‌ను వెంటపెట్టుకుని తిరువళ్ళూరులో వేరు కాపురం పెట్టేస్తుందేమోనని ఆమె దిగులు. ఆనంద్‌రాజ్ ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. ఫ్యాక్టరీలో షిఫ్టు పని.

సుగంధికి ఒక గేరు సైకిలు ఉంది. సెలవొస్తే తెల్లారుతూనే దాని మీద కొండ ఎక్కి వస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలోనే చెప్పింది: "అత్తా, ఇంట్లో ఏదైనా ముట్టుకోండి, నా సైకిలు మాత్రం వద్దు. నేనే తుడుచుకుంటా."

అక్క ముట్టుకోలేదు. ఆయుధపూజ వచ్చేదాకా.

ఆ ఇల్లు నేతవాళ్ళది. ఆమె భర్త షణ్ముగం బతికున్న రోజుల్లో ఆయుధపూజ అంటే మగ్గానికే. దూది దులిపి, చెక్కలు కడిగి, పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడెకు టెంకాయనూనె పూసి, గంధం బొట్లు పెట్టేవాడు. ఆయన పోయాక మగ్గం తీసేశారు, మగ్గం గుంతకు సిమెంటు పోసి టైల్స్ పరిచారు. ఇప్పుడు సరిగ్గా ఆ టైల్స్ మీదే సైకిలు నిలబడుతుంది. ఆ రోజు కోడలు వెంగల్‌లో పుట్టింటికి పోయింది. మిక్సీకి, ఇస్త్రీపెట్టెకు బొట్లు పెట్టాక అక్క కళ్ళు సైకిలు మీద పడ్డాయి. వాన బురదంతా దాని మీదే ఉంది. మురికి వస్తువుకు బొట్టు ఎలా పెట్టడం?

మొదట అంతా సరిగ్గానే చేసింది. పైపు పెట్టి చిమ్మకుండా బకెట్లో నీళ్ళు తెచ్చి, సబ్బు నురగతో మెత్తటి గుడ్డ పెట్టి తుడిచింది. చైనును పాత పళ్ళ బ్రష్షుతో రుద్దింది. అక్కడితో ఆగి ఉంటే నేను ఈ కథ రాసేవాణ్ణి కాదు. రెండు చక్రాల మధ్యలోనూ చిల్లులున్న రేకులు కనిపించాయి, పళ్ళేల్లా గుండ్రంగా, నల్లటి గీతలతో. వాటిని చింతపండుతో పూజ పళ్ళేల్లా తళతళలాడేట్టు తోమింది. తడి తగిలిన ఇనుము తుప్పు పడుతుందని, షణ్ముగం నాడెకు చేసినట్టే టెంకాయనూనె పోసి, ముందూ వెనకా పట్టించింది.

సాయంత్రం వచ్చిన సుగంధి బొట్లూ పూలదండా చూసి, "తుడిచినారా అత్తా?" అంది.

"పైపైన."

"బాగుండాది." అంతే అని లోపలికి పోయింది. ఆ ఒక్క మాటకు దేవసేనక్క ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మర్నాడు విజయదశమి. సుగంధి పొద్దున్నే కొండకు బయలుదేరింది. ఆమె వీధి మలుపు తిరగ్గానే అక్క కొడుక్కు ఫోన్ చేసింది, గొప్ప చెప్పుకోవడానికి.

"ఆనందూ, నీ పెళ్ళాం సైకిలు ఎట్ల మెరస్తా ఉండాదో చూడాల రా. నిన్న నేనే తోమినాను."

"ముట్టొద్దని చెప్పింది కదమ్మా."

"ముట్టుకుంటే అరిగిపోతాదా? చక్రాల నడాన చిల్లుల పళ్ళేలు ఉంటాయే, వాట్ని తోమి టెంకాయనూనె పూసినాను. మీ నాయన నాడెకు పూస్తా ఉన్న్యాడే, అట్ల."

ఆనంద్‌రాజ్ మధ్యలోనే అందుకున్నాడు.

"అమ్మా, సుగంధి యాడ ఉండాది?"

"యాడుంటాది, కొండకు పోయింది."

"ఆ పళ్ళేలే బ్రేకులమ్మా. వాట్ని పట్టుకుంటేనే బండి నిలస్తాది. నూనె ఉంటే జారిపోతాది."

ఎక్కేటప్పుడు బ్రేకు అక్కర్లేదు. కాబట్టి ఆ పిల్లకు ఏమీ తెలిసి ఉండదు. దిగేటప్పుడే తెలుస్తుంది. దేవసేనక్కకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఫోన్ చేసింది. మోగుతోంది, సుగంధి ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. ఏ లోయలోనో, ఏ పొదల్లోనో ఒంటరిగా మోగుతున్న ఫోన్ ఆమె కళ్ళకు కట్టింది. ఇంక చేయడానికి ధైర్యం చాలలేదు.

వీధి చివర తణికైవేల్ ఆటో తుడుచుకుంటున్నాడు.

"కొండకు పోవాలప్పా, సీక్రం."

"ఏమక్కా, అభిషేకమా?"

"అభిషేకం నిన్ననే అయిపోయింది. పోనీ నువ్వు."

ఆటోలో జరిగింది చెప్పింది. తణికైవేల్ ఆ తరువాత నవ్వలేదు, గేరు మార్చి వేగం పెంచాడు. ఘాట్ రోడ్డులో ప్రతి మలుపు దగ్గరా అక్క ముందు కళ్ళు మూసుకుంటుంది, తరువాత తెరుస్తుంది. ఒక చోట జనం గుంపుగా ఉన్నారు. చూస్తే కోతి ఎవరిదో అరటిపళ్ళ సంచి లాక్కుపోయింది, అంతే.

ఆ పై మలుపులో మొదట చప్పుడు వచ్చింది. ఇనుము మీద ఇనుము గీసినట్టు, ఎవరో ఏడుస్తున్నట్టు. దాని వెనకే సైకిలు. సుగంధి రెండు కాళ్ళూ రోడ్డుకు ఈడుస్తోంది. వేగం తగ్గడం లేదు. తణికైవేల్ ఆటోను అంచుకు లాగేశాడు. ఆమె వీళ్ళను చూసిందో లేదో, హ్యాండిల్ కొండ వైపుకు తిప్పేసింది. మట్టిగట్టుకు గుద్దుకుని సైకిలు ఒక పక్క, మనిషి ఒక పక్క పడ్డారు. వెనక చక్రం తిరుగుతూనే ఉంది.

దేవసేనక్క ఆటో దిగలేకపోయింది. సుగంధి తనే లేచి కూర్చుంది. మోచెయ్యి దోక్కుపోయింది, బూటు అడుగు అరిగిపోయింది. అప్పుడు దిగింది అక్క.

"బ్రేకు పట్టలేదత్తా," అంది సుగంధి. "పోయిన వారమే సర్వీసు చేయించినాను. ఆ షాపోడిని వదలను."

తణికైవేల్ అక్క వైపు ఒకసారి చూసి, తన ఆటో ముందు టైరులో ఏదో చూడాల్సిన పని ఉన్నట్టు అటు వెళ్ళిపోయాడు.

ఊరుకుంటే తప్పు ఆ షాపువాడి మీద పడి పోతుంది. దేవసేనక్కకు ఆ దారి బాగా కనిపించింది కూడా. అటు పోవడానికీ భయమే వేసింది.

"షాపోడు కాదు. నేను. ఆ పళ్ళేలకు నూనె పూసినాను."

సుగంధి వేలితో రేకును తాకి వాసన చూసింది. "తలకు పూసుకునేదా?"

"పూజకు పెట్టేది. మంచిది."

ఆ తరువాత సుగంధి ఏమీ అనలేదు. అక్క ఇన్ని నెలలుగా భయపడిన నిశ్శబ్దం ఇదే.

"ఏదన్నా అనమ్మా. నా మీద అరువు."

"అరస్తానత్తా. వణుకు నిలవనీండి." రెండు చేతులూ ముందుకు చాపింది. దేవసేనక్క వాటిని పట్టుకుంది. ఎవరి చేతులు ఎక్కువ వణుకుతున్నాయో తణికైవేల్ కూడా చెప్పలేకపోయాడు.

ఆటోలో సైకిలు పట్టలేదు. సుగంధి దాన్ని నడిపించుకుంటూ దిగింది. వెనక దేవసేనక్క సీటును రెండు చేతులా పట్టుకుని, తెంచుకుపోయే దూడను లాగినట్టు వెనక్కి లాగుతూ నడిచింది. కొండకు పోయేవాళ్ళంతా చూశారు.

"విడవండత్తా. నడస్తానే ఉండాను కదా."

"విడవను."

ఇల్లు చేరేదాకా విడవలేదు. సుగంధి అరిచింది కూడా, ఆ సాయంత్రం, బాగా గట్టిగా. దేవసేనక్క తలొంచుకుని విని, ఆ రాత్రి అన్నం రెండోసారి పెట్టించుకుంది.

నూనె పీల్చుకున్న బ్రేకు ప్యాడ్లు మార్చారు. రేకులను స్పిరిట్ ముంచిన కొత్త గుడ్డతో తుడిచారు. ఇప్పుడు ఆదివారాలు ఇద్దరూ కలిసే సైకిలు కడుగుతారు. నూనె చైనుకు మాత్రమే, ఒక్కో లంకెకు ఒక్కో చుక్క, మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. ఆ చుక్కలు వేసేది సుగంధి. నూనె సీసా మూత తీసేలోపు రెండు రేకులకూ ప్లాస్టిక్ కవర్లు తొడిగే పని దేవసేనక్కది.

మొన్న వాళ్ళింటికి పోయినప్పుడు అక్క పొయ్యి మీద వడియాలకు మూకుడు పెట్టి, గబగబా వాకిట్లోకి వచ్చి సైకిలుకు కవర్లు తొడుగుతోంది.

"అత్తా," లోపల్నుంచి సుగంధి గొంతు, "వంటింటికీ దానికీ నడాన రెండు గోడలు ఉండాయి."

"ఉండనీమ్మా. నూనె కదా," అంది అక్క, ముడి ఇంకొంచెం బిగిస్తూ.